ధనికుల విరాళాలు - ఓటరు తీర్పు

ప్రజాస్వామ్యంలో కోటీశ్వరునికి, కూలివానికి సమానంగా లభించినది ఒక్కటే. అది ఓటు. ఆస్తిలో హెచ్చుతగ్గులున్నాయి. విద్యలో, వైద్యంలో, చివరకు న్యాయస్థానంలో పెట్టుకొనగలిగే వకీలు విషయంలో సైతం హెచ్చుతగ్గులున్నాయి. పోలింగు కేంద్రంలో మాత్రం ఒకరికి ఒక్కటే. కాని ఆ ఒక్క రోజుకు ముందు నెలల తరబడి సాగే ప్రచారంలో ఈ సమానత్వం మచ్చుకైనా కానరాదు. అక్కడ మాట్లాడేది మనుషులు కాదు, కోట్లు. ధనమూలమిదం జగత్ అన్న నానుడి ఎన్నికలకు వర్తించినంతగా మరి దేనికీ వర్తించదేమో అన్న నిరాశ విద్యావంతులలో సైతం వ్యాపించి ఉన్నది. ఆ నిరాశ పూర్తిగా సమంజసం కాదని మా అభిప్రాయం. ధనికుని ధనాన్ని ఓటరు తిరస్కరించిన సందర్భాలు ఉన్నాయి. అయితే ఆ తిరస్కారం ఎక్కడ సాధ్యమయింది, ఎక్కడ సాధ్యం కాలేదు అన్నది నిదానించి పరిశీలించవలసిన విషయం. పరిశీలిస్తే మన దేశానికి, మన ఊళ్లకు పనికివచ్చే పాఠం ఒకటి లభిస్తుంది.

ఇటీవలి కాలంలో లోకం దృష్టిని ఆకర్షించిన ఉదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానిది. ఆ దేశంలో అనేక రాష్ట్రాలలో న్యాయమూర్తులను సైతం ప్రజలే ఎన్నుకుంటారు. మనకు ఇది వింతగా తోచవచ్చు గాని అక్కడి పద్ధతి అది. విస్కాన్సిన్ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానంలో ఏడుగురు న్యాయమూర్తులుంటారు. ఒక్కొక్కరి పదవీకాలం పది సంవత్సరాలు. 2025 ఏప్రిల్ 1న ఒక స్థానానికి ఎన్నిక జరిగింది. సూజన్ క్రాఫర్డ్ ఒకవైపు, బ్రాడ్ షిమెల్ ఒకవైపు పోటీ చేశారు. న్యాయస్థానంలో ఉదారవాదుల ఆధిక్యం నాలుగుకు మూడుగా ఉన్నందున ఈ ఒక్క స్థానంతో త్రాసు ఎటు మొగ్గుతుందో తేలవలసి ఉన్నది. అందుచేత ఉభయ పక్షాలూ సర్వశక్తులూ ఒడ్డాయి. ఖర్చు దాదాపు పది కోట్ల డాలర్లకు చేరింది. మన లెక్కన ఎనిమిదివందల కోట్ల రూపాయలకు పైమాటే. అమెరికా చరిత్రలో ఒక న్యాయమూర్తి పదవికి ఇంత వ్యయం మునుపెన్నడూ జరుగలేదు.

ఇందులో ప్రపంచంలోకెల్లా ధనవంతుడుగా పేరొందిన ఎలాన్ మస్క్, ఆయనకు సంబంధించిన సంఘాలు కలిసి రెండు కోట్ల డాలర్లకు మించి షిమెల్ పక్షాన వెచ్చించాయి. అంతటితో ఆగలేదు. న్యాయమూర్తులను విమర్శించే ఒక విజ్ఞప్తి పత్రంపై సంతకం చేసిన ఓటర్లకు తలకు నూరు డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఎన్నికకు రెండు రోజుల ముందు, మార్చి 30న, గ్రీన్ బే పట్టణంలో స్వయంగా సభ జరిపి ఇద్దరికి పది లక్షల డాలర్ల చొప్పున చెక్కులు అందజేశారు. దీనిని ఆపించవలసిందిగా రాష్ట్ర అటార్నీ జనరల్ న్యాయస్థానాలను ఆశ్రయించారు గాని ఫలితం లేకపోయింది. మస్క్‌కు చెందిన టెస్లా కంపెనీ, కార్ల తయారీదారులు స్వయంగా విక్రయశాలలు నడపరాదన్న ఆ రాష్ట్రపు చట్టాన్ని సవాలు చేస్తూ అదే సంవత్సరం జనవరిలో దావా వేసి ఉన్నది. అటువంటి దావా ఒకనాటికి చేరుకోగల న్యాయస్థానపు ఎన్నికలో ఆ యజమాని సొమ్ము ప్రవహించడాన్ని ప్రత్యర్థులు ఊరూరా ప్రస్తావించారు. పోటీ షిమెల్‌తో కాదు, మస్క్‌తో అన్నట్లుగా ప్రచారం సాగింది.

ఫలితం ఏమయింది? క్రాఫర్డ్‌కు సుమారు 55 శాతం, షిమెల్‌కు సుమారు 45 శాతం ఓట్లు లభించాయి. అంతకు ఐదు నెలల క్రితమే, 2024 నవంబరులో, ఇదే రాష్ట్రంలో డొనాల్డ్ ట్రంప్ ఒక శాతానికి లోపు ఆధిక్యంతో నెగ్గారు. చెక్కులు పంచిన గ్రీన్ బే పట్టణం ఉన్న బ్రౌన్ కౌంటీ సైతం నవంబరులో ట్రంప్ వైపు ఉండి, ఏప్రిల్‌లో క్రాఫర్డ్ వైపు మొగ్గింది. వసంతకాలపు ఎన్నికలలో సాధారణంగా ఓటర్లు పలుచగా వస్తారు. ఈసారి ఇరవై మూడు లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి.

ఇది కేవలం ఒక పార్టీపై మరొక పార్టీ గెలుపు కాదా అని ఎవరైనా అడుగవచ్చు. అడుగవలసిన ప్రశ్నే. కాని అదే రోజున అదే ఓటర్ల ముందు మరొక ప్రశ్న కూడ ఉంచబడింది. ఓటు వేయడానికి ఫోటో గుర్తింపు పత్రం తప్పనిసరి అన్న నియమాన్ని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చవలెనా అన్నది ఆ ప్రశ్న. అది షిమెల్‌ను బలపరచిన రిపబ్లికన్ పక్షం వారి ప్రతిపాదన. దానిని మూడింట రెండు వంతులకు చేరువగా ఓటర్లు ఆమోదించారు. అనగా ఒకే చేతితో ఆ పక్షం ప్రతిపాదనను స్వీకరించి, ఆ పక్షం అభ్యర్థిని నిరాకరించిన వారు వేలకు వేలున్నారు. ఈ నిరాకరణకు కారణాలు అనేకం ఉండవచ్చు. గర్భస్రావ చట్టం వంటి అంశాలు కూడ చర్చకు వచ్చాయి. అయినను ధనికుని ప్రదర్శన వాటిలో ఒక ముఖ్య కారణమనడానికి సందేహించనక్కర లేదు.

నిష్పక్షపాతంగా మరొక మాట కూడ చెప్పుకొనవలసి ఉన్నది. క్రాఫర్డ్ పక్షాన ధనికులు లేకపోలేదు. జార్జి సోరోస్, ఇల్లినాయి గవర్నరు ప్రిట్జ్‌కర్ వంటి కుబేరుల సొమ్ము ఆ రాష్ట్రపు డెమొక్రాటిక్ పార్టీ ద్వారా ఆమె ప్రచారానికి తోడ్పడింది. కనుక విస్కాన్సిన్‌లో పేదలు ధనికులను ఓడించారనడం అతిశయోక్తి. ఒక ధనికుడు వేదికనెక్కి చెక్కులు పంచినప్పుడు ప్రజలు దానిని అవమానంగా భావించారనడం న్యాయం.

ఇక్కడనే అసలు విషయం ఉన్నది. మస్క్ దాగలేదు. ఆయన పేరు, ఆయన సొమ్ము, ఆయన వ్యాపార ప్రయోజనం మూడూ ఓటరు కళ్లకు కట్టాయి. కళ్లకు కట్టినందువల్లనే ఓటరు తీర్పు చెప్పగలిగాడు. కళ్లకు కట్టనిచోట ఏమవుతుందో చూడగోరితే ఒహాయో రాష్ట్రం వైపు చూడవచ్చు. 2024లో అక్కడి సెనేటరు షెరాడ్ బ్రౌన్‌ను ఓడించడానికి క్రిప్టో కరెన్సీ వ్యాపార సంస్థల నిధులతో ఏర్పడిన ఒక సంఘం సుమారు నాలుగు కోట్ల డాలర్లు వెచ్చించింది. బ్రౌన్ ఆ వ్యాపారంపై కఠిన నియంత్రణ కోరిన వ్యక్తి. ఆ ప్రకటనలలో క్రిప్టో అన్న మాట ఎక్కడా వినబడలేదు. ఇతర విషయాలను ముందుకు తెచ్చి మాట్లాడాయి. బ్రౌన్ ఓడిపోయారు. ఆ సొమ్ము ఒక్కటే ఆయన్ను ఓడించిందని మేము అనము. రాష్ట్రమే ఆ ఏడు ఎదురు పక్షం వైపు గట్టిగా మొగ్గి ఉన్నది. కాని ఒహాయో ఓటరుకు ఆ సొమ్ము మీద ఆగ్రహించే అవకాశమే లేకపోయింది. తెలియని దాని మీద కోపం ఎలా వస్తుంది?

కేవలం ధనరాశి గెలిపించదనడానికి మైకేల్ బ్లూంబర్గ్ సాక్షి. 2020 అధ్యక్ష పదవి అభ్యర్థిత్వం కొరకు ఆయన దాదాపు నూరు కోట్ల డాలర్ల సొంత సొమ్ము వెచ్చించి, అమెరికన్ సమోవా అనే చిన్న ద్వీప ప్రాంతంలో తప్ప మరెక్కడా నెగ్గలేదు. అక్కడ కూడ ధనం బహిరంగమే. కాబట్టి మేము గ్రహించిన సూత్రం ఇది: ధనం ప్రకాశంగా వచ్చినప్పుడు ఓటరు దానితో పోరాడగలడు. ముసుగు వేసుకొని వచ్చినప్పుడు పోరాడలేడు.

అమెరికాలో ఈ ముసుగుకు, ఈ వరదకు మార్గం ఏర్పరచినవి న్యాయస్థానాల తీర్పులే. 1976లో బక్లీ కేసులో ఎన్నికల వ్యయంపై పరిమితి విధించడం భావప్రకటన స్వేచ్ఛకు భంగమని అక్కడి సుప్రీంకోర్టు నిర్ణయించింది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలువగా, కంపెనీలు స్వతంత్రంగా చేసే ఎన్నికల వ్యయానికి సైతం హద్దు ఉండరాదని తేల్చింది. అదే సంవత్సరం మరొక తీర్పు వల్ల, అభ్యర్థితో సంబంధం లేకుండ ఖర్చు చేసే సంఘాలు ఎంత విరాళమైనా స్వీకరించే వీలు కలిగింది. ప్రజలు దీనిని మౌనంగా భరించలేదు. మెయిన్ అనే చిన్న రాష్ట్రంలో 2024 నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, అటువంటి సంఘాలకు ఒక్కరు ఇవ్వగల విరాళం 5,000 డాలర్లకు మించరాదన్న ప్రతిపాదనను నలుగురిలో ముగ్గురు ఆమోదించారు. 2025 జులైలో ఒక ఫెడరల్ న్యాయస్థానం ఆ చట్టాన్ని నిలిపివేసింది. ప్రజాగ్రహం ఒక్కటే చాలదని, దానికి చట్టపు ఆసరా కావాలని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఇక మన దేశపు సంగతి. మన చట్టంలో పరిమితి లేకపోలేదు. 2022 నుండి పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలు మించి ఖర్చు చేయరాదని నిబంధన. కాని పార్టీ చేసే ఖర్చుకు పరిమితి లేదు. గుమ్మానికి తలుపు బిగించి గోడలో సగం పడగొట్టినట్లున్నది ఈ ఏర్పాటు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ లోపాన్ని గుర్తించి, అభ్యర్థి కొరకు పార్టీ చేసిన ఖర్చును అభ్యర్థి లెక్కలోనే కలపాలని చెప్పింది. ఆ నెలలోనే ఆర్డినెన్సు వచ్చి ఆ తీర్పును నిష్ఫలం చేసింది. కంపెనీలు పార్టీలకు విరాళాలివ్వడాన్ని 1969లో నిషేధించారు. 1985లో మరల అనుమతించారు. 2017లో లాభాలలో ఇంత శాతమే ఇవ్వాలన్న హద్దును కూడ తొలగించారు. ఆ సంవత్సరపు బడ్జెటులోనే ఎన్నికల బాండ్ల పథకం ప్రకటించబడి, 2018 జనవరి నుండి అమలులోకి వచ్చింది.

ఆ పథకంలో దాత స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి అందజేస్తాడు. ఎవరు ఎవరికి ఇచ్చారో ప్రజలకు తెలియదు. దాతకు రక్షణ కొరకే ఈ గోప్యత అని సమర్థకులు వాదించారు. గుప్తదానం శ్రేష్ఠమని మన పెద్దలందరూ చెప్పలేదా అని కూడ అడుగవచ్చు. హిందువులలోను, ముస్లింలలోను గుప్తదానానికి గౌరవమున్న మాట నిజమే. అయితే ఆ గౌరవానికి కారణమేమిటి? ఇచ్చినవాడు ఎవరో పుచ్చుకున్నవాడికి కూడ తెలియకపోవడం, తెలిసినా ఇచ్చినవాడు ప్రతిఫలం ఆశించకపోవడం. బాండ్ల వ్యవహారంలో దాత ఎవరో పార్టీకి తెలిసే వీలున్నది. తెలియనిది ఓటరుకు మాత్రమే. పుచ్చుకున్నవానికి తెలిసి లోకానికి తెలియనిది గుప్తదానం కాదు, గుప్త ఒప్పందం కావచ్చునన్న అనుమానం సహజం. ఎవరి కూడు తింటే వారి పాట పాడాలన్న సామెత ఊరకే పుట్టలేదు.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. పార్టీకి నిధులెవరిస్తున్నారో తెలుసుకొనడం ఓటరు హక్కు అని, అది రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రసాదించిన భావస్వేచ్ఛలో భాగమని ప్రకటించింది. అమెరికా న్యాయస్థానం ధనం వెచ్చించే హక్కును భావస్వేచ్ఛగా భావించగా, మన న్యాయస్థానం ధనం జాడ తెలుసుకొనే హక్కును భావస్వేచ్ఛగా భావించింది. ఈ వ్యత్యాసం విద్యార్థులు తప్పక గుర్తుంచుకొనదగినది.

గడువు కావాలన్న స్టేట్ బ్యాంకు విన్నపాన్ని న్యాయస్థానం త్రోసిపుచ్చగా, మార్చి 14న ఎన్నికల సంఘం వివరాలను ప్రచురించింది. ఆరు సంవత్సరాలలో అమ్ముడైన బాండ్ల విలువ పదహారు వేల కోట్ల రూపాయలకు పైగా ఉన్నది. 2019 ఏప్రిల్ నుండి భారతీయ జనతా పార్టీ ఆరు వేల కోట్లకు పైగా పొందింది. తృణమూల్, కాంగ్రెసులు ఒక్కొక్కటి వేయి కోట్లు దాటాయి. మన తెలంగాణలో అధికారం నెరపిన భారత రాష్ట్ర సమితి కూడ వేయి కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్ పార్టీలకు వందల కోట్లు ముట్టాయి. బాండ్లు కొన్నవారిలో రెండవ స్థానం హైదరాబాదులోని ఒక నిర్మాణ సంస్థది, 966 కోట్లు. కనుక ఈ పాపం ఢిల్లీదే అని చేతులు కడుగుకొనే వీలు తెలుగువారికి లేదు. బాండ్లు స్వీకరించమని చెప్పి, వాటిపై న్యాయస్థానానికి వెళ్లిన మార్క్సిస్టు పార్టీ వంటివారు అరుదు.

ధనికుల సొమ్ము పై నుండి పార్టీలలోనికి ప్రవహిస్తుంది. క్రిందికి వచ్చేసరికి అది కవరుగా మారి మన గడపకు చేరుతుంది. ఇది మనము మాట్లాడుకొనడానికి సిగ్గుపడే విషయం. 2021లో హుజూరాబాదు, 2022లో మునుగోడు ఉప ఎన్నికల సమయంలో కొన్ని గ్రామాల ఓటర్లు రోడ్డెక్కిన వార్తలు పత్రికలలో వచ్చాయి. డబ్బు పంచినందుకు కాదు వారి ఆగ్రహం, తమకు అందనందుకు. విస్కాన్సిన్‌లో చెక్కు చూచి ఓటరు అలిగాడు, మన దగ్గర కవరు రాలేదని అలిగాడు. అయితే ఆ గ్రామస్థులను నిందించి ఊరుకొనడం సులభమే గాని న్యాయం కాదు. ఐదు సంవత్సరాలపాటు తమకు ఏమీ అందదని అనుభవంతో తెలుసుకున్నవాడు ఒక్క రోజున అందేదానిని అడుగుతున్నాడు. నాయకుడు సంపాదించుకున్న దానిలో అది తన వాటా అని భావిస్తున్నాడు. ఆ కవరు ఎవరి ఖజానా నుండి బయలుదేరినదో, ఏ గుత్త కొరకు, ఏ భూమి కొరకు, ఏ అనుమతి కొరకు బయలుదేరినదో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పిననాడు అతడు లెక్క వేసుకొనగలడు. వేలు పుచ్చుకొని, ఎన్ని వేలు పోగొట్టుకుంటున్నాడో తెలుసుకొనగలడు. చదువు రానివానికి సైతం లెక్క వచ్చు.

ధనికులకు మాట్లాడే హక్కు లేదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఉన్నది. ఎవరి నోరూ మూయమని మేము కోరడం లేదు. కాని వేయి మందికి వినబడే గొంతు, పది మందికైనా వినబడని గొంతు ఒకే సభలో ఉన్నప్పుడు, కనీసం పెద్ద గొంతు ఎవరిదో సభకు తెలియాలి. రెండవది, చిన్న గొంతుకు కొంత బలం చేకూర్చాలి. న్యూయార్కు నగరంలో సామాన్యుడు ఇచ్చిన చిన్న విరాళానికి ఎనిమిది రెట్లు నగర నిధి నుండి జతచేసే పద్ధతి ఉన్నది. ఆ పద్ధతి అండతో 2025 మేయరు ఎన్నికలో జోహ్రాన్ మమ్దానీ, తన ప్రత్యర్థి పక్షాన కుబేరులు గుమ్మరించిన రెండు కోట్ల డాలర్లకు పైబడిన ధనాన్ని తొలి దశ ఎన్నికలో ఎదుర్కొని నెగ్గి, నవంబరులో మేయరుగా ఎన్నికయ్యారు. మన దేశంలోను 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ, గుర్తింపు పొందిన పార్టీలకు ప్రభుత్వం కొంతమేరకు వస్తురూపంలో సహాయం అందించాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక దుమ్ము పట్టి ఉన్నది.

బాండ్లు పోయినంత మాత్రాన పని ముగియలేదు. ఇరవై వేల రూపాయలకు మించిన విరాళాల వివరాలను పార్టీలు సంవత్సరానికొకసారి ఎన్నికల సంఘానికి సమర్పిస్తున్నాయి. అవి బయటపడేసరికి ఓట్లు పడి నెలలు గడచిపోతాయి. పెళ్లి అయిన తరువాత జాతకం చూపినట్లున్నది ఇది. విరాళం అందిన కొద్ది దినాలలోనే, పోలింగుకు ముందే, దాత పేరు ప్రకటించాలన్నది మా మొదటి కోరిక. పార్టీ వ్యయానికి సైతం పరిమితి ఉండాలన్నది రెండవది. సామాన్యుని చిన్న విరాళానికి ప్రభుత్వ నిధి తోడు కావాలన్నది మూడవది.

చివరగా మన కళాశాల వారికి ఒక మాట. మన వంటి మైనారిటీ విద్యాసంస్థలు దాతల ఔదార్యం మీదనే నిలిచాయి. దానం చెడ్డది కాదు. విద్యాసంస్థకు గది కట్టించిన దాత పేరు పాలరాతిపై చెక్కిస్తాము. వచ్చేపోయే ప్రతివాడూ చదువుతాడు. అందరి ఎదుటా చెప్పుకొనగలిగిన దానానికి శిలాఫలకం గౌరవం. చెప్పుకొనలేని దానాన్ని పార్టీ అయినా, సంస్థ అయినా స్వీకరించే ముందు ఒకసారి ఆలోచించాలి. కమిటీ వారు ఈ నియమాన్ని తమ విషయంలోను పాటించి, ప్రతి సంవత్సరం విరాళాల పట్టికను నోటీసు బోర్డుపై ఉంచగలిగితే విద్యార్థులకు పౌరశాస్త్రంలో అంతకంటె మంచి పాఠం ఉండబోదు.

విద్యార్థులు తమ సంఘాల ఎన్నికలలో కూడ ఈ పాఠాన్ని అభ్యసించవచ్చు. లింగ్డో కమిటీ 2006లోనే విద్యార్థి అభ్యర్థి వ్యయం 5,000 రూపాయలకు మించరాదని చెప్పింది. పోటీ చేసే మిత్రుని పోస్టరు ఎంత అందంగా ఉన్నదని కాక, దానికి డబ్బు ఎవరిచ్చారని అడగడం నేర్చుకోండి. 1989 నుండి మన దేశంలో పద్దెనిమిదేండ్లకే ఓటు హక్కు వచ్చింది. మీలో పలువురు రేపటి ఎన్నికలో మొదటిసారి ఓటు వేయబోతారు.

ఉర్దూలో ఓటు హక్కును హఖ్-ఎ-రాయ్‌దెహీ అంటారు. అభిప్రాయం ఇచ్చే హక్కు అని దాని అర్థం. ఎంత సార్థకమైన మాట! అభిప్రాయం ఇవ్వబడేదే గాని అమ్మబడేది కాదు. వెల పుచ్చుకొని చెప్పినది అభిప్రాయం అనిపించుకోదు. ఆ హక్కును సార్థకం చేసుకొనాలంటే ఓటరుకు దాత పేరు ముందుగా తెలియాలి. తెలిసిన తరువాత తీర్పు ఎలా చెప్పాలో ప్రజలకు ఎవరూ నేర్పనక్కర లేదు.